వాండా చేప, మూడు కుక్కలు, మన నవ్వు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బ్రిటిష్ హాస్య చిత్రాల గురించి ఈ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి, అందులో ప్రస్తావించిన 1988 నాటి 'ఎ ఫిష్ కాల్డ్ వాండా' సినిమాను వెతికి పట్టుకుని చూసిన పాఠకులు చాలామంది ఉత్తరాలు రాశారు. కొందరికి అది విపరీతంగా నచ్చింది, కొందరికి వెగటు పుట్టించింది, ఒక తల్లి మనసును నిజంగానే గాయపరిచింది. ఒకే సినిమా మీద ఇన్ని రకాల స్పందనలు వచ్చినప్పుడు వాటిని విడివిడిగా ముక్తసరి జవాబులతో సరిపెట్టడం భావ్యం కాదనిపించి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ సినిమాకే కేటాయిస్తున్నాం. కథ చివరిదాకా చెప్పక తప్పలేదు కనుక, ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించగలరు.

ప్రశ్న: ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ సినిమా చూశాం. ముసలావిడ పెంచుకుంటున్న కుక్కలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే మా మనవళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. మూగజీవాల చావు చూసి నవ్వడం ఏ రకం హాస్యం? తప్పు నాలో ఉందా, పిల్లల్లో ఉందా? (ఒక విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్)

జవాబు: మాస్టారూ, తప్పు మీలోనూ లేదు, పిల్లల్లోనూ లేదు. ఈ సినిమా తీసినవాళ్లే మీలాంటి ప్రేక్షకుల కోసం ఒక షాట్‌ను మార్చుకున్నారు. ఆ సంగతి చెప్పే ముందు, సినిమా చూడని పాఠకుల కోసం కథ కొంత చెబుతాను.

లండన్‌లో వజ్రాల వ్యాపారానికి పేరుపడ్డ హాటన్ గార్డెన్‌లో జార్జ్, కెన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు, వాండా, ఆటో అనే ఇద్దరు అమెరికన్లు కలిసి దోపిడీ చేస్తారు. అమెరికన్లిద్దరూ జార్జ్‌ను పోలీసులకు పట్టిస్తారు గానీ, అతను అప్పటికే సొత్తును వేరేచోటికి మార్చేశాడు. అది ఎక్కడుందో తెలుసుకోవడానికి వాండా జార్జ్ తరఫు బారిస్టర్ ఆర్చీకి వల వేస్తుంది. ఇంకోవైపు దోపిడీదారులను కళ్లారా చూసిన ఒకే ఒక్క సాక్షి, మిసెస్ కోడీ అనే వృద్ధురాలిని చంపే పని కెన్ మీద పడుతుంది. కెన్‌కు జంతువులంటే ప్రాణం, అక్వేరియంలో చేపలను పెంచుకుంటూ ఉంటాడు. ఆ ముసలావిడ దగ్గర మూడు చిన్న యార్క్‌షైర్ టెర్రియర్ కుక్కలున్నాయి. అతను ఆవిడను చంపబోయిన ప్రతిసారీ ఆవిడ బతికిపోతుంది, ఒక కుక్క చచ్చిపోతుంది. మూడో కుక్క పోయేసరికి ఆవిడ గుండె ఆగి తానే చనిపోతుంది.

ఇక్కడ నవ్వు పుట్టేది కుక్కల చావులోంచి కాదని నేను గట్టిగా నమ్ముతాను. మనిషిని చంపడానికి వెనుకాడనివాడు కుక్క చనిపోయిందని కుమిలిపోతూ, బాల గాయకులు భక్తిగీతం ఆలపిస్తుండగా జరిగే దాని అంత్యక్రియలను దూరం నుంచి చూస్తూ కన్నీళ్లు పెట్టుకోవడం, ఆ దుఃఖంతోనే మళ్లీ హత్యా ప్రయత్నానికి బయల్దేరడం మనల్ని నవ్విస్తాయి. మీ మనవళ్లు నవ్వినది చాలావరకు కెన్ ముఖం చూసి అయ్యుంటుంది. సినిమాను ఇంకోసారి చూడగలిగితే, ప్రతి చావు దగ్గరా కెమెరా ఎంతసేపు కుక్క మీద ఉంటుందో, ఎంతసేపు కెన్ మీద ఉంటుందో గమనించండి.

ఇక షాట్ మార్చుకున్న సంగతి. విడుదలకు ముందు ప్రివ్యూలు వేసినప్పుడు, ఒక కుక్క నలిగిపోయిన దృశ్యంలో కసాయి దుకాణం నుంచి తెచ్చిన పేగులు పెట్టి తీసిన షాట్ ఉండేది. దాన్ని చూసి హాలు బిగుసుకుపోయింది. అంతవరకు నవ్వుతున్న జనం ఆ షాట్ దగ్గర ఆగిపోవడమే కాకుండా, ఆ తర్వాత కూడా తేరుకోలేకపోయారు. చిత్రబృందం ఆ షాట్‌ను తీసేసి, రక్తమాంసాలు కనిపించని షాట్ పెట్టింది. కథలో చావు చావుగానే ఉంది, సంఖ్య కూడా తగ్గలేదు, అయినా జనం నవ్వారు. పేగులు కనబడగానే ప్రేక్షకుడి మనసు కెన్‌ను వదిలేసి కుక్క బాధలోకి వెళ్లిపోతుంది, ఒకసారి అక్కడికి వెళ్లిన మనసు నవ్వుకు తిరిగి రాదు. మీకు ఆ షాట్ లేకుండానే బాధ కళ్లకు కట్టింది. అది మీ సున్నితత్వం, దానికి పాతకాలం కొత్తకాలం అన్న తేడా ఏమీ ఉండదు.

ఇంకొక్క మాట. సినిమా అంతా చావులమయంగా అనిపిస్తుంది గానీ, అందులో ఒకరు కావాలని చంపిన ప్రాణులు కెన్ చేపలు మాత్రమే. సొత్తు ఎక్కడుందో చెప్పించడానికి ఆటో అతన్ని కుర్చీకి కట్టేసి, అతని ముక్కు రంధ్రాల్లో బంగాళదుంప చిప్స్ దూర్చి, అతని కళ్లెదుటే చేపలను ఒక్కొక్కటిగా తినేస్తాడు. సినిమా పేరులో ఉన్న వాండా అన్న చేప కూడా అలాగే పోతుంది. నన్నడిగితే సినిమా మొత్తంలో నిజంగా క్రూరమైన దృశ్యం అది. కుక్కల దృశ్యాల గురించి వచ్చినన్ని ఉత్తరాలు దాని గురించి రాలేదు. చేప అరవలేదు కనుక కావచ్చు.

ప్రశ్న: ఇలాంటి విడ్డూరమైన కథకు అప్పట్లో డబ్బులు వచ్చాయా? దర్శకుడు చార్ల్స్ క్రైటన్ పేరు నేనెప్పుడూ వినలేదు. (ఒక సినిమా విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: బాగా వచ్చాయి, అయితే నెమ్మదిగా వచ్చాయి. దాదాపు 80 లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన ఈ చిత్రం 1988 జులైలో అమెరికాలో మొదట కొద్ది థియేటర్లలోనే విడుదలైంది. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పడం వల్ల వారం వారం థియేటర్లు పెరుగుతూ, సెప్టెంబరు నాటికి వసూళ్లలో మొదటి స్థానానికి చేరింది. అమెరికాలోనే 6 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. శుక్రవారం మార్నింగ్ షోకే సినిమా తలరాత తేల్చేసే మన అలవాటుకు ఇది వింతగా తోచవచ్చు. నోటిమాట మీద ఎదిగిన సినిమాకు ఒక లాభం ఉంది. స్నేహితుడు 'నవ్వలేక చచ్చాను' అని చెప్పి పంపగా వచ్చినవాడు హాల్లోకి అడుగుపెట్టేసరికే సగం నవ్వడానికి సిద్ధంగా ఉంటాడు, ఆ సిద్ధత ఈ తరహా సినిమాకు చాలా అవసరం.

క్రైటన్ పేరు మీరు వినకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన 1910లో పుట్టారు. లండన్ శివారులోని ఈలింగ్ స్టూడియోలో 1951లో 'ది లావెండర్ హిల్ మాబ్' అనే హాస్య చిత్రం తీసి పేరు తెచ్చుకున్నారు. నమ్మకస్తుడైన ఒక బ్యాంకు గుమస్తా బంగారు కడ్డీలు దొంగిలించి, వాటిని కరిగించి ఈఫిల్ టవర్ బొమ్మలుగా పోతపోయించి దేశం దాటించే కథ అది. ఆ తర్వాతి దశాబ్దాల్లో సినిమా అవకాశాలు సన్నగిల్లి టెలివిజన్‌కు పనిచేశారు. 'వాండా' షూటింగ్ నాటికి ఆయన వయసు 76 దాటింది. ఈ సినిమాలో ఆర్చీగా నటించి, స్క్రీన్‌ప్లే కూడా రాసిన జాన్ క్లీస్ ఏళ్ల తరబడి ఆయనతో కలిసి కథ నలిపి, ఆయనే దర్శకత్వం వహించాలని పట్టుబట్టారు. ఫలితంగా దర్శకత్వానికి క్రైటన్‌కు, స్క్రీన్‌ప్లేకు ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు దక్కాయి. పెద్దాయన చేతి ఒడుపు మీకు కట్‌లలో కనబడుతుంది. నవ్వు పుట్టగానే షాట్ మారదు, హాలు నవ్వి తేరుకునేంత వ్యవధి నటుడి ముఖం మీద ఉంచి అప్పుడు కదులుతారు. నిండు థియేటర్లలో ప్రేక్షకుల నవ్వు విని పని నేర్చుకున్న తరం ఆయనది. సెల్‌ఫోన్లో ఒంటరిగా చూసేవారికి ఆ వ్యవధులు సాగతీతగా అనిపించవచ్చు. వీలైతే నలుగురితో కలిసి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు, మాట్లాడేటప్పుడు నత్తి వస్తుంది. మా బంధువులింట్లో ఈ సినిమా పెట్టారు. కెన్ మాట రాక తంటాలు పడుతుంటే అందరూ పగలబడి నవ్వారు. మా వాడు లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు. మీ పత్రికలో ఈ సినిమాను మెచ్చుకున్నారు. ఒక పిల్లవాడి బాధ చూసి నవ్వించడం గొప్ప కళ అంటారా? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మా, ఇన్ని ఉత్తరాల్లో మీ ఉత్తరాన్ని అందరికంటే ముందు చదవాల్సింది ఆ సినిమా తీసినవాళ్లు. ఇలాంటి ఉత్తరాలు వాళ్లకూ వెళ్లాయి. సినిమా విడుదలైనప్పుడు నత్తి ఉన్నవారి సంఘాల నుంచి నిరసన వచ్చింది. ఒక మనిషి మాట తడబడటాన్ని నవ్వులాటగా చూపితే మర్నాడు బడిలో ఆ నవ్వు తమ పిల్లల మీద పడుతుందని వాళ్లు అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. మీ బంధువుల ఇంట్లో జరిగింది కూడా అదే.

సినిమా పక్షాన చెప్పదగినదేమిటో ముందు చెబుతాను. కెన్‌గా నటించిన మైకేల్ పేలిన్ తండ్రికి జీవితాంతం నత్తి ఉండేది. ఇంట్లో తండ్రి పడిన ఇబ్బందిని చిన్ననాటి నుంచి చూసిన మనిషి ఆ పాత్రను పోషించారు. అందుకే ఆ నటనలో మిమిక్రీ వాసన ఉండదు. పెదవి బిగుసుకోవడం, కళ్లు పక్కకు తిప్పుకోవడం, ఎదుటివాడు కంగారు పెట్టేకొద్దీ మాట మరింత ఇరుక్కుపోవడం, తన చేపలతో ఉన్నప్పుడు ముఖం తేటపడటం, ఇవన్నీ దగ్గరగా చూసినవాడికే తెలిసే సంగతులు. కథలో కెన్ నత్తిని వెక్కిరించే మనిషి ఆటో ఒక్కడే. ఆటో మూర్ఖుడు, దుర్మార్గుడు. చివరికి విమానాశ్రయం దగ్గర అతను తడి కాంక్రీటులో కూరుకుపోగా కెన్ రోడ్డు రోలర్ మీద వచ్చి అతన్ని తొక్కించేస్తాడు. ఆ క్షణంలో హాలంతా కెన్ వైపే ఉంటుంది.

ఆర్చీ విమానం అందుకోవాలన్న తొందరలో ఉండగా, వాండా వెళ్లిన హోటల్ పేరు కెన్ చెప్పలేకపోయే దృశ్యం మీ ఉత్తరం చదివాక నేను మళ్లీ చూశాను. ఆర్చీ తన ఆత్రాన్ని అణచుకుంటూ 'తొందరేం లేదు' అన్నట్టు మెత్తగా మాట్లాడతాడు, కానీ అతని ఒళ్లంతా తొందర కనిపిస్తూనే ఉంటుంది. రచన ఆ దృశ్యంలో వినేవాడి అసహనాన్ని కూడా నవ్వుకు గురిచేసింది, అది నిజం. అయితే థియేటర్లో వందలమంది ఒకేసారి నవ్వుతున్నప్పుడు ఎవరు దేనికి నవ్వుతున్నారో ఎవరూ విడదీసి చూడరు. పక్క గదిలోకి వెళ్లిపోయిన పిల్లవాడికి వినిపించింది నవ్వొక్కటే. రచయిత ఉద్దేశం మంచిదే అన్న వాదన ఆ పిల్లవాడి ముందు పెట్టడానికి నాకు మనసొప్పదు.

నాకు ఆ సినిమాలో గట్టి అభ్యంతరం ఉన్నది మరోచోట. ఆటో మీద పగ తీర్చుకోగానే కెన్‌కు నత్తి పోయి మాట గలగలా వచ్చేస్తుంది. నత్తి భయం వల్లనో అణగారిన కోపం వల్లనో వస్తుందని, ధైర్యం తెచ్చుకుంటే పోతుందని జనంలో ఉన్న పొరపాటు నమ్మకానికి అది బలం చేకూర్చింది. నత్తికి మూలం మెదడు మాటను నడిపించే తీరులోనూ వంశపారంపర్యంగా వచ్చే లక్షణాల్లోనూ ఉందని ఇప్పుడు పరిశోధకులు చెబుతున్నారు. చిన్నతనంలో నూటికి దాదాపు ఐదుగురిలో కనిపించే నత్తి చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. పెద్దయ్యాక నూటికి ఒకరిలో మిగులుతుంది, మగవారిలో ఎక్కువ. అందులో ఆ పిల్లవాడి తప్పు గానీ తల్లిదండ్రుల పెంపకంలో లోపం గానీ ఏమీ లేదు.

ఆ నిరసనల తర్వాత జరిగినది కూడా మీకు చెప్పాలి. నత్తి ఉన్న పిల్లల కోసం లండన్‌లో ఒక చికిత్సా కేంద్రం పెట్టాలని పనిచేస్తున్నవారు పేలిన్‌ను సంప్రదించారు. ఆయన ఒప్పుకుని తన పేరు ఇచ్చారు. 1993లో మొదలైన మైకేల్ పేలిన్ సెంటర్ ఈనాటికీ పిల్లలకూ తల్లిదండ్రులకూ సాయం చేస్తోంది. సినిమా నొప్పించిన మాటను అది చెరిపేసిందని నేను అనను. నొచ్చుకున్నవారి మాట వృథా పోలేదని మాత్రం చెప్పగలను. నత్తి పాత్ర పెట్టి కామెడీ ట్రాక్ నడపడం మన తెలుగు సినిమాకూ దశాబ్దాల అలవాటు. అలాంటి పాత్రలు చాలావాటికి పేరు, ఊరు, ఇష్టం, కోపం ఏవీ ఉండవు, నత్తి ఒక్కటే ఉంటుంది. ఈ విషయంలో మనవాళ్లకు ఉత్తరాలు రాసినవారు నాకు తెలిసి తక్కువ. మీరు రాయండి.

మీ అబ్బాయి సంగతి. అతను మాట్లాడేటప్పుడు మాట అందించకండి, 'నెమ్మదిగా చెప్పు', 'ఊపిరి తీసుకుని చెప్పు' అనకండి. చెప్పేది పూర్తయ్యేదాకా అతని ముఖం చూస్తూ వినండి, మీరు మాట్లాడే వేగం కాస్త తగ్గించండి. బంధువులకు ఈ మాట అతను లేనప్పుడు మీరే చెప్పి ఉంచండి. స్పీచ్ థెరపిస్టును ఇంకా కలవకపోతే తప్పక కలవండి. మైసూరులో 1965లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ రంగంలో దేశంలో పేరున్న సంస్థ. సినిమా గురించి అతను అడిగితే, ఆ పాత్ర వేసిన నటుడి తండ్రి సంగతి, లండన్‌లోని ఆ కేంద్రం సంగతి చెప్పండి. చూడాలా వద్దా అన్నది పెద్దయ్యాక అతనే తేల్చుకుంటాడు.

ప్రశ్న: ఈ సినిమా చూస్తూ నవ్వీ నవ్వీ ఒకాయన నిజంగానే చనిపోయాడని ఎక్కడో చదివాను. కట్టుకథేనా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: 1989లో డెన్మార్క్‌లో చెవి వైద్యానికి సంబంధించిన ఒక నిపుణుడు ఈ సినిమా చూస్తూ ఆగకుండా నవ్వి, గుండె లయ తప్పి మరణించినట్టు వార్తలు వచ్చాయి. కెన్ ముక్కులో చిప్స్ దూర్చే దృశ్యం ఆయనకు తన ఇంట్లో జరిగిన ఒక సరదా సంఘటనను గుర్తు చేసిందని కూడా చెబుతారు. విపరీతమైన నవ్వు గుండె మీద భారం మోపడం అసాధ్యమేమీ కాదు, ముందునుంచి గుండె జబ్బు ఉన్నవారిలో అది అరుదుగా ప్రాణం మీదికి తెస్తుంది. ఆ వార్త ఇన్నేళ్లుగా ఒక ప్రచారవాక్యంలా తిరుగుతోంది. ఒక కుటుంబానికి అది నష్టం అన్న సంగతి మరిచిపోకుండా చెప్పుకుంటే బాగుంటుంది.

ప్రశ్న: నేను లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఆంగ్లేయ స్నేహితులు ఆర్చీ పాత్ర గురించే మాట్లాడతారు. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు, ఆమె స్నేహితులు మాత్రం ఆటో గురించే చెప్పుకుని నవ్వుతారు. ఒకే సినిమాకు రెండు దేశాలు రెండు రకాలుగా నవ్వుతాయా? (ఒక పాఠకుడు, లెస్టర్)

జవాబు: మీరు గమనించినదానికి అవార్డులే సాక్ష్యం. అమెరికన్ అకాడమీ ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్‌ను ఆటోగా నటించిన కెవిన్ క్లైన్‌కు ఇచ్చింది. బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటుడిగా జాన్ క్లీస్‌ను, ఉత్తమ సహాయ నటుడిగా పేలిన్‌ను ఎంచుకుంది. ఎవరి మనిషిని వారు మెచ్చుకున్నారని పైకి అనిపిస్తుంది. నాకు తోచేదేమంటే, ఎవరి లోపాన్ని వారు గుర్తుపట్టి నవ్వుకున్నారు.

ఆర్చీ వాండాతో ఒకచోట మనసు విప్పి మాట్లాడతాడు. ఆంగ్లేయుడిగా పుట్టినందుకు బతుకంతా ఎక్కడ నోరు జారుతానో, ఎవరిని ఇబ్బంది పెడతానో అన్న భయంతోనే గడుస్తుందని, 'మీకు పెళ్లయిందా' అని అడిగితే ఎదుటివాడు 'మా ఆవిడ ఈ ఉదయమే వదిలేసి వెళ్లింది' అంటాడేమోనని హడలిపోతామని చెబుతాడు. ఆ భయాన్ని అతను అంత నిజాయితీగా చెబుతుంటే ఆంగ్లేయ ప్రేక్షకుడు తన ముఖం తాను చూసుకున్నట్టు నవ్వుతాడు. అదే ఆర్చీ తర్వాత ఒక ఫ్లాట్‌లో వాండా కోసం రష్యన్ భాష పలుకుతూ ఒంటి మీద బట్టలన్నీ తీసేసిన సమయంలో, ఆ ఇంటికి చెందిన కుటుంబం పిల్లాపాపలతో లోపలికి వస్తుంది. జీవితమంతా ఏ ఒక్క అవమానానికి భయపడ్డాడో అది అంతకంత పెరిగి ఎదురైంది. మర్యాదకు ప్రాణమిచ్చే తెలుగు మధ్యతరగతి ఇళ్లలో పెరిగిన మనకూ ఆ దృశ్యం చప్పున అర్థమవుతుంది. మన 'నలుగురూ ఏమనుకుంటారో' కూడా అదే భయం కదా.

ఆటో దీనికి పూర్తిగా ఎదురు. తనకు తెలియనిది లేదనుకుంటాడు. జర్మన్ తత్వవేత్త నీట్షేను చదువుతాడు గానీ ఒక్క ముక్కా అర్థం చేసుకోడు. లండన్ భూగర్భ రైలును రాజకీయ ఉద్యమం అనుకుంటాడు. ఎవరైనా తెలివితక్కువవాడంటే ఒళ్లు మండిపోయి, ఆర్చీని కాళ్లు పట్టుకుని కిటికీలోంచి తలకిందులుగా వేలాడదీసి క్షమాపణ చెప్పించుకుంటాడు. తలకిందులుగా ఉన్న ఆర్చీ ఏదో కోర్టు పత్రం మీద సంతకం చేస్తున్నంత నిదానంగా, పద్ధతిగా, షరతులేమీ లేకుండా క్షమాపణ చెబుతాడు. రెండు దేశాల ప్రేక్షకులూ ఒకేసారి నవ్వే దృశ్యం అదేనని నా అనుకోలు. ఈసారి చెల్లెలితో ఫోన్లో మాట్లాడినప్పుడు ఆ దృశ్యం గురించి అడిగి చూడండి.

సినిమా ముగింపు కూడా ప్రేక్షకుల వల్లనే మారిందన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మొదట రాసుకున్న వాండా చివరిదాకా ఎవరికీ దక్కని మోసగత్తె. ప్రివ్యూలలో జనం ఆర్చీని ప్రేమించారు, అతను మోసపోవడం వారికి రుచించలేదు. అందుకని చివరి భాగం తిరిగి తీసి ఇద్దరినీ ఒకే విమానం ఎక్కించారు. రోలర్ కింద పడ్డ ఆటో కూడా చావకుండా సిమెంటుతో నిండిన ఒంటితో విమానం కిటికీ పట్టుకుని వేలాడతాడు. కఠినమైన ముగింపు ఉంటే సినిమా ఇంకా పదునుగా ఉండేదేమో గానీ, నాకు ఇదే నచ్చింది. అన్నేళ్లు బిగుసుకుపోయిన మనిషికి చివర్లోనైనా ఊపిరాడాలి.

ప్రశ్న: మా నాన్నగారు ఇలాంటివే ఇంకా పాతవి చూడాలంటున్నారు. ఏవి చూపించమంటారు? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ఈలింగ్ స్టూడియో నుంచే వచ్చిన రెండు సినిమాలు చూపించండి. మొదటిది 1955 నాటి 'ది లేడీకిల్లర్స్'. కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర ఒంటరిగా ఉండే వృద్ధురాలి ఇంట్లో సంగీత సాధన చేసుకుంటామని చెప్పి దొంగల ముఠా గది అద్దెకు తీసుకుంటుంది. గ్రామఫోన్ మీద రికార్డు తిరుగుతూ ఉంటుంది, వాళ్లు దోపిడీ పథకం వేసుకుంటూ ఉంటారు. చివరికి ఆవిడను చంపలేక ఒకరినొకరు చంపుకుంటారు, శవాలు కింద వెళ్లే గూడ్సు బండ్లలో పడతాయి. ఆ వృద్ధురాలిగా నటించిన కేటీ జాన్సన్ డెబ్బై దాటిన వయసులో బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు. మన వరంగల్ మాస్టారికి కూడా ఇది నచ్చుతుంది, ఇందులో ఏ కుక్కకూ హాని జరగదు.

రెండోది 1949 నాటి 'కైండ్ హార్ట్స్ అండ్ కోరొనెట్స్'. తల్లిని వెలివేసిన జమీందారీ కుటుంబంలో, బిరుదుకు తనకంటే ముందు వరసలో ఉన్నవారినందరినీ ఒక యువకుడు ఎంతో నాగరికంగా తొలగించుకుంటూ పోతాడు. ఆ కుటుంబంలోని ఎనిమిది పాత్రలను అలెక్ గిన్నెస్ ఒక్కరే ధరించారు. 1966లో తెలుగు 'నవరాత్రి'లో అక్కినేని నాగేశ్వరరావు తొమ్మిది పాత్రల్లో చేసిన విన్యాసం చూసి ఆనందించినవారికి ఈ ఎనిమిది పాత్రల మధ్య తేడాలు వెతకడం మంచి విందు. ప్రేక్షకుల స్పందన కోణంలోనూ ఈ సినిమా కథ ఆసక్తికరం. జైలు నుంచి విడుదలైన హంతకుడు తన నేరాలన్నీ రాసుకున్న కాగితాలు గదిలోనే మరిచిపోయానని గేటు దగ్గర గ్రహించడంతో బ్రిటిష్ ప్రతి ముగుస్తుంది, ఆ తర్వాతిది ప్రేక్షకుడి ఊహకే వదిలేశారు. నేరానికి శిక్ష పడినట్టు తెరమీద కనిపించాలని అప్పటి అమెరికన్ సెన్సార్ నియమావళి పట్టుబట్టడంతో, ఆ కాగితాలు అధికారుల చేతికి చిక్కినట్టు కొన్ని సెకన్ల షాట్ అక్కడి ప్రతికి జోడించారు. మీకు దొరికిన ప్రతిలో ఆ షాట్ ఉంటే, దానికి ముందు ఆపేసి నాన్నగారిని తర్వాత ఏం జరిగి ఉంటుందో అడగండి.

ప్రశ్న: అదే నలుగురు నటులు మళ్లీ కలిసి చేసిన సినిమా ఎందుకు ఆడలేదు? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మీరు అడుగుతున్నది 1997లో వచ్చిన 'ఫియర్స్ క్రీచర్స్' గురించి. క్లీస్, వాండాగా నటించిన జేమీ లీ కర్టిస్, క్లైన్, పేలిన్ నలుగురూ ఉన్నారు, కథ మాత్రం కొత్తది, ఒక జంతుప్రదర్శనశాల చుట్టూ తిరుగుతుంది. దీన్ని కూడా ప్రివ్యూలు వేసి చూశారు, జనానికి ముగింపు నచ్చకపోవడంతో చాలాకాలం ఆగి, వేరే దర్శకుడితో కొంత భాగం మళ్లీ తీశారు. 'వాండా'కు ఏ పద్ధతి మేలు చేసిందో అదే పద్ధతి దీన్ని కాపాడలేకపోయింది. కారణం నాకు తెరమీదే కనిపిస్తుంది. 'వాండా'లో నలుగురికీ ఒకరి మీద ఒకరికి భయమో ఆశో పగో ఉంటుంది, ఏ ఇద్దరు ఒక గదిలో కలిసినా ఏదో ఒక అబద్ధం బయటపడే ప్రమాదం ఉంటుంది. రెండో సినిమాలో ఎక్కువమంది ఒక్క యజమాని మీద పోరాడే మంచివాళ్లు. మంచివాళ్ల మధ్య మోసం ఉండదు, మోసం లేకపోతే ఈ తరహా హాస్యానికి దొరికే పని తక్కువ. పేలిన్ పాత్రను ఈసారి నోరు మూయకుండా మాట్లాడేవాడిగా రాశారు. కెన్‌ను చూసి నొచ్చుకున్నవారి మాటలు విని అలా రాశారో లేదో గానీ, ఆ పాత్ర కోసమైనా ఒకసారి చూడండి.